చెంగమ్మ పాలలో లేని నీళ్ళు

2018 జూలైలో నేను తిరుపతిలోని ఒక చిన్న కంపెనీలో ప్రిన్సిపల్ ఇంజనీరుగా ఉన్నాను. పాల సేకరణ కేంద్రాలకు పరీక్ష మిషన్లు తయారుచేసే కంపెనీ అది. ప్రిన్సిపల్ ఇంజనీరు అంటే వినడానికి పెద్ద పేరే గానీ, మా దగ్గర దాని అర్థం ఒక్కటే. మిషన్ లోపల నడిచే ప్రోగ్రామ్‌లో ఏ తప్పు దొర్లినా, ఆ ఫిర్యాదు కాగితం ఎన్ని బల్లలు తిరిగినా చివరికి వచ్చి ఆగేది నా బల్ల మీదే. నా కింద నలుగురు ఇంజనీర్లు, నా పైన టెక్నికల్ మేనేజర్ భాస్కర్ గారు. అనుభవంలో ఆయన నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. కోపంలో మాత్రం ఇద్దరం సమానమేనని ఆఫీసంతా అనేది.

ముందు ఆ మిషన్ చేసే పని చెప్పాలి. పాలు పోసేవాళ్ళు వరుసలో వస్తారు. కేంద్రం సెక్రటరీ ఒక్కొక్కరి పాలలోంచి చిన్న గిన్నెడు తీసి మిషన్ గొట్టం కింద పెట్టి, ఆవు పాలైతే ఆవు బటన్, గేదె పాలైతే గేదె బటన్ నొక్కుతాడు. నిమిషంలోపు వెన్న ఎంత, ఎస్.ఎన్.ఎఫ్. ఎంత అన్నది మిషన్ లెక్క తేలుస్తుంది. ఎస్.ఎన్.ఎఫ్. అంటే పాలలోంచి వెన్ననూ నీటినీ తీసేస్తే మిగిలే గట్టి పదార్థం. పాలలో నీళ్ళు పోస్తే అది పడిపోతుంది. ఆవు పాలకు ఎనిమిది పైన మూడు పాయింట్లు, గేదె పాలకు తొమ్మిది ఉండాలని మా మిషన్లలో పెట్టుకున్నాం. ఆ హద్దు దాటితే పచ్చ దీపం, దాటకపోతే ఎర్ర దీపం. ఎర్ర దీపంతో పాటు తెర మీద ‘నీళ్ళు’ అని ఒక్క మాట వస్తుంది. మొదట్లో అక్కడ ‘ఘనపదార్థం తక్కువ’ అని ఉండేది. అంత పొడుగు మాట ఎవరు చదువుతారని అమ్మకాలవాళ్ళు గోల చేస్తే, సరే పొమ్మని మార్చింది నేనే.

ఆ ఏడాది మేము వాడుతున్న చిప్ తయారీ ఆగిపోయింది. కొత్త చిప్ కొన్నాం, దానితో పాటు కొత్త కంపైలర్ వచ్చింది. మనం రాసిన ప్రోగ్రామ్‌ను చిప్‌కు అర్థమయ్యే అంకెలుగా ముందే మార్చి ఇచ్చే సాధనమే కంపైలర్. మా ప్రోగ్రామ్ సి ప్లస్ ప్లస్ భాషలో ఉంది. పన్నెండేళ్ళుగా పాత కంపైలర్‌తో నడిచిన ఆ ప్రోగ్రామ్‌ను కొత్తదానికి మార్చే పని భాస్కర్ గారు నాకే అప్పజెప్పారు. అందులో సగానికి పైగా రాసింది నేనే కాబట్టి నేనూ కాదనలేదు.

ఆ భాషలో టెంప్లేట్ అని ఒకటుంది. అది అర్థం కావాలంటే మా మేనమామను తలుచుకోవాలి. ఆయన చిత్తూరులో రిజిస్ట్రారు ఆఫీసు ముందర దస్తావేజులు రాసేవాడు. అమ్మకం పత్రం ఎవరికైనా ఒకటే కదా, పేర్లూ హద్దులూ మాత్రం మారతాయి. కాబట్టి ఖాళీలు వదిలిన నమూనా ఒకటి ముందే రాసి పెట్టుకుని, మనిషి రాగానే ఖాళీలు నింపేవాడు. టెంప్లేట్ కూడా అంతే. పాలు పరీక్షించే పద్ధతిని ఒక్కసారి రాశాను. జంతువు పేరు దగ్గర ఖాళీ వదిలాను. ఖాళీలో ఆవు అని నింపితే ఆవు పాల పరీక్ష, గేదె అని నింపితే గేదె పాల పరీక్ష తయారవుతుంది. ఏ జంతువుకు హద్దు ఎంతో ఇంకో నమూనాలో ఉంటుంది. అక్కడ ఆ హద్దు పేరు ‘లిమిట్’. మొదటి నమూనా రెండోదాని మీద ఆధారపడి, ఆ లిమిట్‌ను తనదిగా వాడుకుంటుంది.

ఇక పేర్ల సంగతి. ప్రోగ్రామ్‌లో ఒక పేరు రాస్తే అది ఎవరిదో కంపైలర్ వెతుక్కుంటుంది. ముందు ఇంట్లో చూస్తుంది, లేకపోతే వీధిలో, అక్కడా లేకపోతే ఊరంతా. ఎక్కడ మొదట కనబడితే అక్కడే ఆగిపోతుంది. ఏ పేరు ఎంతవరకు చెల్లుతుందో దాన్నే మేము స్కోప్ అంటాం. పాత కంపైలర్‌కు తొందర లేదు. నమూనాలోని ఖాళీలు నింపేదాకా ఆగి, అప్పుడు వెతికేది. కొత్తది భాష నియమాలను అక్షరాలా పాటించే రకం. అది నమూనాను రెండుసార్లు చదువుతుంది. ఖాళీలు నింపకముందే ఒకసారి చదివి, ఖాళీతో సంబంధం లేనట్టు కనబడే పేర్లన్నీ అప్పుడే తేల్చేస్తుంది. రెండో నమూనాలోనూ జంతువు పేరు ఖాళీగానే ఉంది కాబట్టి, అందులో ఏముందో ఇప్పుడే చెప్పలేనని దాని లోపలికి తొంగి కూడా చూడదు. అక్కడిది కావాలంటే ‘ఇది నాదే’ అని పేరు ముందు ఒక గుర్తు పెట్టాలి. సి ప్లస్ ప్లస్‌లో ఆ గుర్తు దిస్ అనే మాట, పక్కన ఒక బాణం. అది కనబడితే కంపైలర్ ఖాళీలు నింపేదాకా ఓపిక పడుతుంది.

మా పాత ప్రోగ్రామ్‌లో ఆ గుర్తులు ఎక్కడా లేవు. కొత్త కంపైలర్ ఒక్కసారిగా అరిచింది. ఈ పేరు ఎవరిదో తెలియదు, ఆ పేరు ఎవరిదో తెలియదు అంటూ తెర నిండా తప్పులు. రెండు రోజులు కూర్చుని అది అరిచిన చోటల్లా గుర్తు పెట్టుకుంటూ పోయాను. మూడో రోజు అరుపులు ఆగిపోయాయి. అరవని చోట చూడాలన్న ఆలోచన నాకు రానేలేదు.

ల్యాబ్‌లో పరీక్షలన్నీ చేశాం. టెస్ట్ షీట్ మీద ప్రతి గడిలోనూ టిక్కు పడింది, కింద నా సంతకం పడింది. కొత్త వెర్షన్‌ను అన్ని ఊళ్ళకూ ఒక్కసారే పంపం. ముందు ఒక కేంద్రంలో పెట్టి వారం చూస్తాం. ఈసారి పూతలపట్టు దాటాక లోపలికి ఉన్న ఒక చిన్న పల్లె వంతు వచ్చింది. సోమవారం మా సర్వీసు ఇంజనీరు వెళ్ళి కొత్త మిషన్ బిగించి వచ్చాడు.

గురువారం మధ్యాహ్నం నా బల్ల మీద ఫోను మోగింది. మామూలుగా రైతుల ఫోన్లు సర్వీసు విభాగానికి పోతాయి. ఆ రోజు అక్కడ ఎవరూ ఎత్తకపోవడంతో నాకు కలిపారు. భాస్కర్ గారు నా ఎదురుగానే కూర్చుని ఉన్నారు. నేను స్పీకరు నొక్కాను.

“మిషన్ మీద ఈ నంబరుండాది. దాన్ని చేసినోళ్ళు మీరేనా?” అని ఒక ఆడగొంతు.

మేమేనన్నాను.

“అయితే చెప్పు. నేను యాడ నీళ్ళు కలిపినాను, ఎప్పుడు కలిపినాను, ఎన్ని సెంబులు కలిపినాను? మీ మిషన్‌కు తెలిసుండాల కదా!”

ఆమె పేరు చెంగమ్మ. ఒక్క జెర్సీ ఆవు, రెండు పూటలా పాలు పోస్తుంది. మంగళవారం నుంచి మూడు రోజులుగా ఆమె పాలకు ఎర్ర దీపమే. ఆ కేంద్రం నియమం ప్రకారం వరుసగా మూడు రోజులు ఎరుపు వెలిగితే పేరు బోర్డెక్కుతుంది. ఆ తర్వాత వచ్చే శుక్రవారం సమావేశంలో సభ్యత్వం తీసేస్తారు. పేరు ఆ ఉదయమే బోర్డెక్కింది. సమావేశం మర్నాడే.

నేను కంప్యూటర్‌లో ఆ రోజు ఉదయపు రికార్డు తెరిచాను. ముప్పై రెండు శాంపిళ్ళు. ముప్పై ఒకటి పచ్చ, ఒకటి ఎరుపు. నాకు ధైర్యం వచ్చేసింది. అంతమందికి సరిగ్గా చూసే మిషన్ ఒక్కరి దగ్గరే తప్పు చూడదమ్మా అని, పెద్ద తెలిసినదానిలా, నెమ్మదిగా చెప్పాను.

“అట్లనా? రేప్పొద్దున నా ఆవును సెంటరు కాడికే తోలుకొస్తా. నువ్వూ రా. నీ కండ్ల ముందరే పిండతా. అప్పుడూ నీళ్ళంటే, నా ఆవు పొదుగులోనే బోరేసుండారని రాసుకో,” అని ఫోను పెట్టేసింది.

భాస్కర్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నవ్వారు. “పొయ్యి రా సుగుణా,” అన్నారు. ఈ మాత్రానికి ప్రిన్సిపల్ ఇంజనీరు పోవాలా అని నేను మొహం ముడుచుకున్నాను. ఆవు వస్తున్నప్పుడు ఇంజనీరు పోవడానికేమి అన్నారాయన.

శుక్రవారం తెల్లారేసరికి చంద్రగిరి, పాకాల మీదుగా ఆ పల్లె చేరుకున్నాను. రేకుల వరండా, లోపల గది, గోడకు నల్లబోర్డు. బోర్డు మీద సుద్దతో ‘మూడు దినాలు నీళ్ళ పాలు: చెంగమ్మ’ అని రాసి ఉంది. అంత పెద్ద బోర్డు మీద ఇంకేమీ లేదు. అప్పుడే క్యాన్లతో ముప్పై మంది దాకా వరుస కట్టారు. సెక్రటరీ మునస్వామి యాభై దాటిన మనిషి, చొక్కా జేబులో రెండు పెన్నులు. నన్ను చూడగానే కుర్చీ వేసి, మిషన్‌ను తెగ పొగిడాడు.

“మీ మిషన్ సామాన్యమైంది కాదు మేడమ్. మొదటి దినం ఊరంతా ఎరుపే! నాకు తెల్సు, ఈళ్ళంతా కలపతా ఉండారని. రేపట్నించి సక్కంగా పోయకుంటే బోర్డే అని గట్టిగా చెప్పినా. ఒక్క దినంలో ఊరు మారిపోయింది. ఈమె ఒక్కతే మారలా,” అన్నాడు.

మొదటి రోజు ఊరంతా ఎరుపు అన్న మాట నా చెవిలో పడింది గానీ, దాన్ని పట్టుకుని ఆలోచించే తీరిక లేకపోయింది. మలుపులో గంట చప్పుడు వినిపించింది. ముందు ఆవు, వెనక దూడ, ఆ వెనక తల మీద చెంబు పెట్టుకుని చెంగమ్మ. అరవై ఏళ్ళుంటాయి. కొంగు నడుముకు దోపుకుని నేరుగా నా దగ్గరికి వచ్చి, ఖాళీ చెంబును బోర్లించి చూపించింది.

“సూసుకో మేడమ్, తడుందేమో. వరుసలో ఉండేటోళ్ళు గూడా సూడండి,” అంది.

చెంబు ఎండి ఉంది. వరండా ముందున్న గుంజకు ఆవును కట్టింది. దాని పేరు గౌరి. కొత్త చోట ఆవు పాలు చేపదని నాకు తెలుసు. అందుకే దూడను కూడా తెచ్చింది ఆమె. దూడ నాలుగు గుక్కలు తాగాక దాన్ని పక్కకు లాగి, గొంతుకూర్చుని పిండసాగింది. వరుసలోని వాళ్ళు క్యాన్లు కింద పెట్టి చుట్టూ చేరారు. గౌరి మాత్రం ఎవరినీ పట్టించుకోలేదు.

అప్పుడే పిండిన పాలలో గాలి ఉంటుంది. నురుగు తగ్గేదాకా ఆగకపోతే కొలత తప్పుతుంది. కాసేపు ఆగి, నెమ్మదిగా కలిపి, నా చేత్తోనే గిన్నెడు తీసి మిషన్ కింద పెట్టాను. ఆవు బటన్ నొక్కాను. నిమిషంలోపే ఎర్ర దీపం వెలిగింది. తెర మీద ‘నీళ్ళు’.

ఎవరో కిసుక్కున నవ్వారు. చెంగమ్మ నవ్వలేదు. “ఇప్పుడు చెప్పు. మీ మిషన్‌ను చేసినదానివి కదా, నువ్వే చెప్పు,” అంది. నా సంతకంతో వచ్చిన మిషన్, ఆవు పొదుగులోంచి నేరుగా వచ్చిన పాలను నా ఎదుటే నీళ్ళంటోంది.

ఇలాంటప్పుడు ఒక పద్ధతి ఉంది. ముందు కొలత తప్పా, తీర్పు తప్పా అన్నది తేల్చుకోవాలి. సర్వీసు పాస్‌వర్డ్ కొట్టి లోపలి తెర తెరిచాను. గౌరి పాల ఎస్.ఎన్.ఎఫ్. ఎనిమిదిన్నర. నిఖార్సైన ఆవు పాలు. ఆవు హద్దు ఎంత పెట్టి ఉందో చూశాను. అదీ సరిగ్గా ఎనిమిది పాయింట్ మూడే. కొలత సరిగ్గా ఉంది, హద్దు సరిగ్గా ఉంది, తీర్పు మాత్రం తలకిందులు. అంటే తీర్పు చెప్పే చోట మిషన్ ఇంకేదో అంకెతో పోలుస్తోంది. ఆ అంకె ఏదో పట్టుకోవాలంటే ఇవే పాలను కొద్దికొద్దిగా చిక్కబరుస్తూ, దీపం ఎక్కడ పచ్చగా మారుతుందో చూడాలి. దానికి పాలపొడి కావాలి.

ఎదురుగానే చిల్లర కొట్టు. అప్పుడే తలుపులు తీస్తున్న కొట్టాయనను ఒక పాలపొడి ప్యాకెట్టు ఇమ్మని ఇక్కడి నుంచే కేకేశాను.

“యాడుండాది మేడమ్! మూడు దినాల్నించి ఊరంతా అదే కొంటా ఉండారు. నిన్న చిత్తూరు నించి తెప్పిస్తే మధ్యాన్నానికే అయిపాయె. ఎవురింట్లో ఏం పాయసం కాస్తా ఉండారో నాకు తెలీదబ్బా,” అని అక్కడి నుంచే అరిచాడు.

నేను వరుస వైపు తిరిగాను. ఒకాయన తన క్యాన్ మూత సరిచేసుకుంటున్నాడు. ఇద్దరు ఆడవాళ్ళు గౌరి కొమ్ముల్ని చూస్తున్నారు. మునస్వామి నోరు తెరిచి ఒకసారి కొట్టాయనను, ఒకసారి వరుసను చూశాడు. ఊరు ఎలా మారిపోయిందో ఆయనకు అప్పుడే అర్థమైంది పాపం.

నాకూ అప్పుడే అర్థమైంది. మంగళవారం రికార్డు తెరిచాను. గేదెలున్న నలుగురు తప్ప అందరికీ ఎరుపే. నిజాయతీగా ఆవు పాలు పోసిన ప్రతి మనిషినీ మిషన్ దొంగ అంది. లీటరుకు ఒక స్పూను పాలపొడి వేస్తే పచ్చ వెలుగుతుందని ఎవరో కనిపెట్టారు. ఎవరో ఇప్పటికీ తెలియదు. మర్నాటికల్లా ఊరంతా పొడి వేసింది. నేను తిరుపతిలో కూర్చుని చూసింది గురువారం రికార్డు ఒక్కటే. ముప్పై ఒక్క పచ్చ దీపాలను చూసి పొంగిపోయాను.

చివరికి వరుసలోంచి రాణెమ్మ అనే ఆవిడ గొణుక్కుంటూ ఇంటికి పోయి, సగం వాడిన పాలపొడి ప్యాకెట్టు కొంగు కింద పెట్టుకుని తెచ్చింది. “మా ఆయనకు టీలోకి తెచ్చినానమ్మా,” అంటూ నా చేతిలో పెట్టింది. ఆ మాటకు మునస్వామితో సహా అందరూ పడీ పడీ నవ్వారు. రాణెమ్మ కూడా నవ్వేసింది.

చెంగమ్మకు ఇదంతా తెలుసా అని అడిగాను. తెలుసంది. మరి ఫోనులోనే ఎందుకు చెప్పలేదు?

“చెప్తే ఊరి మింద చాడీ చెప్పినట్టు కదా. నేనూ ఆ పొడి ఏసుంటే బోర్డు తప్పేది. ఏస్తే, ముందు నీళ్ళు కలిపినానని ఒప్పుకున్నట్టు అవతాది. కలపనిది ఎట్ల ఒప్పుకునేది?” అంది.

పొడి చిటికెడు చిటికెడు కలుపుతూ పరీక్ష చేశాను. ఎనిమిది పాయింట్ ఏడు, ఎరుపు. ఎనిమిది పాయింట్ తొమ్మిది, ఎరుపు. తొమ్మిది దాటగానే పచ్చ. తొమ్మిది! ఆ అంకెను చూడగానే గుర్తుపట్టాను. అది నాదే. ఈ చేత్తోనే రాశాను.

మా కంపెనీ మొదటి మిషన్లు కోస్తాలో ఒక చోటికి వెళ్ళాయి. అక్కడ అన్నీ గేదెలే. జంతువును బట్టి మార్చాల్సిన అవసరం లేక, ప్రోగ్రామ్ మొదట్లో, అందరికీ కనబడే చోట, లిమిట్ అంటే తొమ్మిది అని ఒక వరుస రాసి పడేశాను. తర్వాత ఆవుల ఊళ్ళు వచ్చాయి. టెంప్లేట్లు రాసి, ఒక్కో జంతువు హద్దుకూ మళ్ళీ లిమిట్ అనే పేరే పెట్టాను. పాత వరుసను తీసేయలేదు. పాత కంపైలర్ ఖాళీలు నింపాక వెతికేది కాబట్టి ఇంట్లోని లిమిట్టే దొరికేది, పన్నెండేళ్ళు ఏ గొడవా లేదు. కొత్తది మొదటి చదువులోనే వెతికింది. ఖాళీ ఉన్న ఇంట్లోకి చూడలేదు, ఊళ్ళో నేను వదిలేసిన పాత లిమిట్ కనబడింది, దాన్నే పట్టుకుపోయింది. ఆ వరుసే లేకపోయి ఉంటే, మిగతా పేర్లకు అరిచినట్టే దీనికీ అరిచేది. పేరు దొరికింది కాబట్టి గమ్మున ఉండిపోయింది.

మాది నగరి. నాయన పవర్‌లూమ్ నడిపేవాడు. పోగు తెగితే మగ్గం దానంతటదే ఆగుతుంది, ముడేసి మళ్ళీ నడుపుకోవచ్చు. తెగకుండా పక్క సందులో దూరిన పోగుతోనే చిక్కు. మగ్గం ఆగదు, చప్పుడు మారదు, చీర పొడుగునా గీత పడిపోతుంది. అందుకే నాయన మగ్గం బాగా నడుస్తున్నప్పుడు కూడా వంగి బట్ట మీద చెయ్యి వేసి చూసేవాడు. ఆయన కూతుర్నై ఉండి నేను మగ్గం చప్పుడు విని ఊరుకున్నాను.

ల్యాప్‌టాప్ కారులోనే ఉంది. ప్రోగ్రామ్‌లో తీర్పు చెప్పే వరుస తెరిచాను. లిమిట్ ముందు గుర్తు లేదు. గుర్తు పెట్టాను. పాత తొమ్మిదిని తీసి చూస్తే ఇంకెక్కడైనా దాని మీద ఆధారపడిన చోటు ఉంటే కంపైలర్ అరుస్తుంది కదా, తీసేసి మళ్ళీ కంపైల్ చేశాను. అరవలేదు. ఊళ్ళో వెర్షన్ మార్చడానికి మా నియమాలు ఊరికే ఒప్పుకోవు. మేనేజరు నోటిమాటగా అనుమతిచ్చి, తర్వాత కాగితం మీద సంతకం చేయాలి. భాస్కర్ గారికి ఫోను చేసి తప్పు నాదేనని మొదటి మాటగా చెప్పాను. ఆయన, “ఆవు ఇంకా ఆడే ఉండాదా? దాని ముందరే టెస్ట్ చెయ్,” అన్నారు.

కొత్త వెర్షన్ ఎక్కించి, పొడి కలపని గౌరి పాలు మళ్ళీ పెట్టాను. అందరూ మెడలు చాచి చూస్తున్నారు. పచ్చ. వరుసలోంచి ఈలలు వినిపించాయి. కానీ పచ్చ వెలిగితే సరిపోదు. నీళ్ళు కలిపితే ఎరుపు కూడా వెలగాలి, అప్పుడే పరీక్ష పూర్తయినట్టు. కొంచెం పాలు వేరే గిన్నెలోకి తీసి, ఇందులో నీళ్ళు పోయవచ్చా అని చెంగమ్మను అడిగాను.

ఆమె మొహం అప్పుడు విచ్చుకుంది. “పోసుకో పాపా. నా పాలల్లో నీళ్ళు కలిపిన మొదటి మనిషివి నువ్వే!” అంది.

యాభై ఆరేళ్ళ నన్ను పాపా అన్నందుకు కాదు గానీ, ఆ మాటకు నేనూ అందరితో పాటు కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వాను. నీళ్ళు పోశాను. ఎరుపు వెలిగింది.

ఆ తర్వాత సమావేశం వరండాలోనే జరిగింది. ఈ వారం రికార్డులేవీ చెల్లవని కంపెనీ తరఫున రాసి ఇచ్చాను. పొడి సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే సమావేశం పెట్టడానికి ఊళ్ళో చెంగమ్మ తప్ప సభ్యులే మిగలరని మునస్వామికి తెలుసు. ఆయన బట్ట తీసుకుని బోర్డు దగ్గరికి పోయాడు. నేను ఆ బట్ట అందుకుని నా చేత్తోనే తుడవబోయాను.

“ఆగు,” అంది చెంగమ్మ. “తుడిస్తే ఎట్ల? నిన్నటి నించి ఊరంతా ఈ దోవన పోతా నా పేరు సూసినారు. తుడిసినంక వచ్చేటోళ్ళకు ఏం తెలస్తాది? ఏదో బతిమాలుకొని తుడిపించుకునిందిలే అనుకుంటారు. తుడవొద్దు. దాని కిందనే రాయి.”

సుద్దముక్క తీసుకున్నాను. ఆమె పేరు కింద, ‘చెంగమ్మ పాలు మంచి పాలు. తప్పు మిషన్‌ది’ అని రాశాను. ఆమె చదివించుకుని వింది. మిషన్‌కు చేతులుండాయా అని అడిగింది. నేను ‘మిషన్‌ది’ కొట్టేసి ‘మాది’ అని రాశాను. కింద నా పేరు, హోదా, తేదీ రాసి సంతకం పెట్టాను. అప్పుడు గౌరిని విప్పుకుని ఇంటికి బయల్దేరింది. ఆ రాతను పది రోజులు ఎవరినీ ముట్టుకోనివ్వలేదట.

తిరుపతికి వచ్చాక ఒక ప్రశ్న మిగిలింది. ల్యాబ్‌లో ఆవు బటన్ నొక్కి చేసిన పరీక్షలన్నీ పచ్చగా ఎలా వచ్చాయి? జవాబు క్యాంటీన్‌లో దొరికింది. పరీక్షకు పాలు ఎప్పుడూ అక్కడి నుంచే తెచ్చుకుంటాం. చిత్తూరు జిల్లాలో ఎక్కడ చూసినా ఆవు పాలే, కానీ వేలు అనే మా టీ మాస్టరు మాత్రం గేదె పాలే కొంటాడు. అడిగితే, “ఆవు పాలతో టీ పల్చగా ఉండాదని తిట్టింది నువ్వే కదక్కా,” అన్నాడు. నిజమే. రెండేళ్ళ కిందట తిట్టాను. చిక్కటి గేదె పాలు తొమ్మిదినీ దాటతాయి, ఎనిమిది పాయింట్ మూడునూ దాటతాయి. ఏ బటన్ నొక్కినా పచ్చే. నీళ్ళు పోసినప్పుడు ఎరుపు వెలిగిందని టిక్కు పెట్టుకున్నామే తప్ప, ఎన్ని నీళ్ళకు వెలిగిందో ఎవరూ రాసుకోలేదు. టీ చిక్కగా ఉండాలన్న నా ముచ్చట నా పరీక్షనే ముంచింది. భాస్కర్ గారు ఈ సంగతిని నెల రోజుల పాటు కనబడిన ప్రతివాళ్ళకూ చెప్పారు.

ఆ తర్వాత కొన్ని మార్పులు చేశాం. ప్రతి వెర్షన్‌కూ గౌరి పాలు ఐసు పెట్టెలో పూతలపట్టు నుంచి వచ్చేవి, టెస్ట్ షీట్‌లో దాని పేరుతోనే ఒక గడి ఉండేది. తెర మీద ‘నీళ్ళు’ అన్న మాట పోయి, కొలతా హద్దూ రెండు అంకెలూ పక్కపక్కన కనబడేవి. వాటిని చూసి మనిషే తీర్పు చెప్పుకుంటాడు.

పాత లిమిట్ వరుసను ప్రోగ్రామ్‌లోంచి ఆ పల్లెలోనే తీసేశాను. మామూలుగా ఐతే దాని ఆనవాలు లేకుండా తీసేసి, మార్పుల పట్టీలో ‘చిన్న సవరణ’ అని ఒక ముక్క రాసి ఊరుకునేదాన్ని. ఈసారి ఆ వరుస ఉన్న చోటే, తర్వాత వచ్చే ఇంజనీర్లు చదువుకోవడానికి ఒక వ్యాఖ్య రాశాను. ఇక్కడ తొమ్మిది ఉండేది, దాన్ని పెట్టింది ఫలానా, దానివల్ల ఫలానా పల్లెలో చెంగమ్మ పాలను నీళ్ళ పాలన్నాం, ఆమె పాలలో నీళ్ళు లేవు. కింద నా పేరు, హోదా, తేదీ.

ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో ఆ పల్లె నాకు నేర్పింది ఇది: తప్పును ఎక్కడ రాశామో, దిద్దుబాటునూ అక్కడే, అంతే పెద్ద అక్షరాలతో, చేసినవాళ్ళ పేరుతో రాయాలి. నేను రిటైరైన తర్వాత ఆ ప్రోగ్రామ్‌ను ఇంకో చిప్‌కు మార్చారు. మారుస్తున్న అమ్మాయి నాకు ఫోను చేసి, కంపైలర్ ఎలాగూ చదవని ఆ వ్యాఖ్యను తీసేయవచ్చా అని అడిగింది. తుడవొద్దన్నాను.